పరాయి పత్రికల్లో పుట్టిన పేరు

చనిపోయినవాళ్ళు ఉత్తరాలు రాయరు. రాస్తారని నమ్మేవాళ్ళతో సగం జీవితం పోట్లాడినవాణ్ణి నేను. అయినా మొన్న పొద్దున టీ తాగుతూ ఫోన్ తెరిస్తే ఈమెయిల్‌లో నా మిత్రుడి వ్యాసం వచ్చి కూర్చుంది. పేరు అతనిదే. ఫోటో అతనిదే, మెడ దాకా గుండీలు పెట్టుకున్న తెల్ల చొక్కా. పేరు కింద చిన్న పరిచయం: ఆరోగ్యం, వ్యవసాయం గురించి పలు పత్రికలకు క్రమం తప్పకుండా రాస్తారు. రాస్తారట! మనిషి చలికాలంలో పోయాడు. ఇప్పుడు ఎండలు మండుతున్నాయి.

ఇందులో మహిమ ఏమీ లేదు. వేసవి రాగానే కిందటి వేసవిలో ఎక్కువమంది చదివిన వ్యాసాలను ఏరి మళ్ళీ పంపమని ఆ వ్యాసం వేసిన సంస్థవాళ్ళు కంప్యూటరుకు చెప్పి పెట్టారు. అది పంపింది. రాసినవాడు ఉన్నాడా పోయాడా అని కంప్యూటరు అడగదు. దాన్ని నడిపేవాళ్ళు అడగరు. చదివేవాళ్ళు అసలే అడగరు.

ఆ వ్యాసం అబద్ధం. అతను అబద్ధాలాడే మనిషి కాడు. ఈ రెండు మాటలూ ఎలా నిజమయ్యాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను. అతని పేరు మాత్రం రాయను. ఆ పేరు కోసం అతను పడిన పాట్లు చూశాను, అది ఎవరెవరి చేతుల్లో పడిందో కూడా చూశాను. మళ్ళీ నా చేత్తో అందించలేను.

బోధన్ బస్టాండు దగ్గర అతనికి జిరాక్సు దుకాణం ఉండేది. ఆన్‌లైన్ దరఖాస్తులు కూడా అక్కడే. పింఛన్ల కోసం వచ్చే ఆడవాళ్ళు వేలిముద్రల యంత్రం మీద వేలు పెడితే అది ఊరికే ఎర్రలైటు వెలిగించేది. బీడీలు చుట్టి చుట్టి గీతలు అరిగిపోయిన వేళ్ళు అవి. అతను తడిగుడ్డతో ఆ వేలు తుడిచి, తన రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, పసిపిల్లవాడికి పలక మీద దిద్దించినట్టు మెల్లగా ఒత్తేవాడు. పచ్చలైటు వెలిగేది. “మా అవ్వ ఏలు గూడ గిట్లనే, మిషన్‌కు ఒక పట్టాన నచ్చది” అనేవాడు. ఆ పని అలవాటై, ఎవరితో ముఖ్యమైన మాట మాట్లాడినా ముందు వాళ్ళ బొటనవేలు పట్టుకునేవాడు. సభలో వక్తను ఆపి బొటనవేలు పట్టుకుని సందేహం అడిగిన రోజులున్నాయి. నన్ను “అన్నా” అనేవాడు. ఆ పిలుపు వినిపించిందంటే నా వేలు దొరికిపోయినట్టే.

రాసేది నిలబడి. జిరాక్సు మిషన్ మూత మీద ల్యాప్‌టాప్ పెట్టుకునేవాడు. గిరాకీ రాగానే దాన్ని చంకలో ఇరికించుకుని, ఆధార్ కార్డు కాపీ తీసిచ్చి, మళ్ళీ మూత మీద పెట్టి వదిలిన వాక్యం అందుకునేవాడు. “నీ రాతలో ఒక వాక్యానికీ ఇంకోదానికీ మధ్య ఒక ఆధార్ కార్డు ఉంటుంది తమ్మీ” అంటే పగలబడి నవ్వేవాడు.

మా చిన్న హేతువాద బృందంలో అతను వేదిక మీది మనిషి. మూఢనమ్మకాల గురించి మేం గంటసేపు ఉపన్యాసం చెబితే ఊళ్ళో జనం ఆవలించేవారు. అతను తువ్వాల తలకు చుట్టి మంత్రగాడిలా లేచాడంటే మూల కూర్చున్న ముసలివాళ్ళు కూడా ముందుకు జరిగేవారు. అతని ఆటల్లో గొప్పది చేతులు కడిగే ఆట. మా వైపు పసిరికలు అంటారే, ఆ పచ్చకామెర్లకు పసరు పోసేవాళ్ళు రోగి చేతులకు ఏదో రసం పూసి నీళ్ళు పోస్తారు. పళ్ళెంలోకి పచ్చటి నీళ్ళు జారతాయి. రోగం దిగిపోతోందని జనం దండం పెడతారు. అతను నన్ను, ఏ రోగమూ లేని నన్ను, వేదిక మీద కూర్చోబెట్టి చేతులు కడిగేవాడు. నా చేతుల నుంచి కూడా పచ్చటి నీళ్ళే జారేవి. “మా అన్నకు పసిరికలు లెవ్వు, బడాయి ఒక్కటే ఉన్నది. మరి గిదేంది?” అనేవాడు. నవ్వులు. అప్పుడు గుట్టు విప్పేవాడు: పూసింది మామిడి చెక్క రసం, పోసింది సున్నపు తేట. ఏ చేతికి పూసినా పచ్చనే.

కోటగిరి వైపు ఒక ఊళ్ళో ఆ ఆట ఆడిన సాయంత్రం అన్నీ మొదలయ్యాయి. ఆ ఊరికే ఒక పసరు పోసే పెద్దాయన ఉన్నాడు. చప్పట్లు ఆగాక ముందు వరసలోంచి ఒక ముసలామె లేచింది.

“మంచిగనే జేసినవ్ బిడ్డా. గని నువ్వెవలు? మా పెద్దాయన కాడికి మహారాష్ట్రకెల్లి జీబులు కట్టుకొని వస్తరు. నీ కాడికి ఎవలొస్తరు?”

“జిరాక్సులకొస్తరు అవ్వా” అని అతను నవ్వేయబోయాడు. ఆ రోజు జనం అతనితో కలిసి నవ్వలేదు, అతన్ని చూసి నవ్వారు.

తిరుగుదారిలో కాలువ పక్కన బండి ఆపి ఫోన్‌లో తన పేరు కొట్టి చూసుకున్నాడు. “నా పేరు కొడితె ఎవలో చీరల షాపాయన వస్తుండన్నా” అన్నాడు. తర్వాత ఆ పసరు పెద్దాయన పేరు కొట్టాడు. వీడియోలు, ఫోటోలు, మంచిగయ్యామని చెప్పేవాళ్ళు, తెర కిందికి జరుపుతూనే ఉన్నాడు. పెద్దాయన కొడుకు అదంతా నడుపుతాడు. వారం వారం ఈమెయిల్‌లో ఒక పత్రిక కూడా పంపుతాడు.

అప్పటినుంచి అతనికి పట్టుకుంది, పేరు సంపాదించాలని. మొదట ఎవరో చెప్పిన వీడియో చూశాడు, అందులో చెప్పింది ఇదీ: నీకు పేరు లేకపోతే పేరున్నవాళ్ళ పత్రికలో రాయి, వాళ్ళ పాఠకులు నిన్ను నమ్మడం మొదలుపెడతారు, ఆ నమ్మకంతో నీ మాట చెప్పు. అతని భాషలో అదే మాట: “మన దుకాణం ముంగటికి ఎవలూ రానప్పుడు జాతరల పోయి దుకాణం పెట్టాలెనన్నా.”

నేను మండిపడ్డాను. ఎవరు చెప్పారని చూడొద్దు, ఏం చెప్పారో చూడు అని ఊరూరా చెప్పినవాళ్ళం మనం. మనమే ‘ఎవరు’ అనిపించుకోవడానికి బయలుదేరితే బాబాలకూ మనకూ తేడా ఏమిటని అడిగాను. అతను నా బొటనవేలు పట్టుకున్నాడు.

“అన్నా, నువ్వు చెప్పేది సభలకు మంచిగుంటది. కండ్లు పచ్చగై, తిన్నదంత కక్కుకునేటోడు తర్కం చదువుతడా? ఎవలు చెప్పిండ్రు అనే అడుగుతడు. ముందు భరోసా, ఎనుక రుజువు. వాళ్ళు భరోసా కాడ ఆపుతరు. నేను ఆడికెల్లి రుజువు కాడికి తీస్కపోత.”

జవాబు నా దగ్గర ఉంది అనుకున్నాను. ఇప్పటికీ వెతుకుతున్నాను.

ఇవాళ ఎవరికి వాళ్ళే సంపాదకులు. ఇంట్లో కూర్చుని వారానికోసారి వేలమందికి ఈమెయిల్‌లో న్యూస్‌లెటర్ పంపుతారు. ప్రతి వారం దాని కడుపు నిండాలి. ఊరికే రాసిచ్చేవాడు దొరికితే కాదనేదెవరు? అతను దొరికాడు. గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్ళ కోసం నడిచే పత్రికకు విమానంలో పచ్చడి సీసా కారకుండా ఎలా కట్టాలో రాశాడు. విత్తనాల వ్యాపారి పత్రికకు పసుపు కొమ్ములు ఉడకబెట్టడం గురించి రాశాడు. ఇళ్ళ స్థలాలు అమ్మే కంపెనీ పత్రికకు గుమ్మం ముందు ఏ చెట్టు నీడ బాగుంటుందో రాశాడు. ఆ సంపాదకుడితో ఫోన్ మాటలు నేను దుకాణంలోనే విన్నాను. ఫోన్ స్పీకరులో పెట్టి, చేత్తో ఎవరిదో రేషన్ కార్డు కాపీ తీస్తున్నాడు.

“సార్, వ్యాసం చాలా బాగుంది. వాస్తు మీద ఒక రెండు లైన్లు ఉంటే నిండుగా ఉంటుంది.”

“వాస్తు నేను రాయ సార్.”

“అయ్యో, మీరు రాయక్కర్లేదు సార్. మేం వేసుకుంటాం.”

“నా పేరు కింద మీరెట్లేస్తరు?”

“పేరుంది కాబట్టే వేస్తున్నాం సార్. లేకపోతే మా మాట ఎవరు నమ్ముతారు?”

అతను నా వైపు చూసి కళ్ళెగరేశాడు. తిట్టాలో సంతోషపడాలో తెలియని ముఖం. రెండేళ్ళ పాకులాట తర్వాత మొదటిసారి ఒకడు అతనికి పేరుందన్నాడు.

అతని భార్య మాత్రం ఒక్క మాటలో తేల్చేది. “ఊరోళ్ళింట్ల పెండ్లికి వంట జేసి, మనింట్ల పస్తు పండుకున్నట్టున్నది ఈయన కథ.” నేను కూడా పొడిచేవాణ్ణి. “పచ్చళ్ళు అయ్యాయి, చెట్లు అయ్యాయి. పసిరికల గురించి ఎప్పుడు రాస్తావు?” జవాబు ఎప్పుడూ ఒకటే. “జర ఆగన్నా. పేరు నిలవడనీ.”

కిందటి వేసవిలో ఆ తలుపు తెరుచుకుంది. ఆరోగ్యం గురించి నడిచే ఒక పెద్ద న్యూస్‌లెటర్ వాళ్ళు, మీది చెరకు ప్రాంతం కదా, చెరకు రసం గురించి రాయమని అడిగారు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ గొట్టంలో పొగ లేచి ఎన్నాళ్ళో అయింది. అయినా లోకానికి మాది చెరకు ప్రాంతమే. అతను ఆ అవకాశాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. మొదటి సగంలో చెరకు రసం చలువ, సత్తువ గురించి రాశాడు. పసిరికలు వచ్చినవాళ్ళకు ఇది ఇస్తే కొంత ఓపిక వస్తుందన్నాడు. రెండో సగంలో తన ప్రాణమంతా పెట్టాడు. ఇది మందు కాదు, పసరు మందు కాదు, రక్తపరీక్ష చేయించండి, చాలామందికి ఆ జబ్బు దానంతట అదే తగ్గుతుంది కాబట్టి పసరు పోసేవాడికి పేరు వస్తోంది, తగ్గనివాళ్ళు మాత్రం చచ్చిపోతున్నారు, కడుపుతో ఉన్నవాళ్ళయితే ఒక్క పూట కూడా ఆగొద్దు.

నిడివి ఎక్కువైందని రెండో సగం కోసేశారు. ‘పచ్చకామెర్లకు చెరకు రసం: అనుభవజ్ఞుడి మాట’ అని శీర్షిక పెట్టారు.

అతను రాసిన అభ్యంతరానికి నవ్వే బొమ్మ ఒకటి, దానితో అభినందనలు వచ్చాయి. ఆ వారం అన్నిటికంటే ఎక్కువమంది చదివిన వ్యాసం అదేనట. తీసేయమని గట్టిగా పోట్లాడు అన్నాను. అతను ఫోన్‌లో తన పేరు కొట్టి చూపించాడు. చీరల షాపాయన కిందికి పోయాడు. మొదట ఇతని ముఖమే.

“నాలుగు దినాలు ఆగుదామన్నా. సరైనది ఇంకోటి పంపిన. గది పడితె ఇది సరైతది.”

అది పడలేదు. నాలుగు రోజులు వానాకాలం దాకా సాగాయి. నేను అతన్ని ఎంత ప్రేమించినా ఈ ఒక్క ఆలస్యాన్ని వెనకేసుకురాలేను. పేరు రుచి మరిగాక తర్కం కూడా వాయిదా అడుగుతుంది.

అతని అక్క చిన్నవయసులోనే పోయింది. ఆమె కూతుర్ని అతని తల్లే బీడీల చాట పక్కన పడుకోబెట్టుకుని పెంచింది. కోటగిరి వైపు, ఆ పసరు పెద్దాయన ఊరికే ఇచ్చి పెళ్ళి చేశారు. వరినాట్లు జోరుగా సాగుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం అతని ఫోన్ వచ్చింది. “అన్నా, మా పిల్లకు పసిరికలైనయట. ఏడో నెల. నువ్వు రా.” నేను నిజామాబాద్ నుంచి బోధన్ చేరేసరికి దుకాణం షట్టరు దించి రోడ్డు మీద నిలబడి ఉన్నాడు.

మేం ఆ ఊరు చేరేసరికి పిల్ల మంచం మీద పడుకుని ఉంది. కళ్ళు పచ్చగా, అప్పుడే నూరిన పసుపులా ఉన్నాయి. ఏ పేరుతో పిలిచినా ‘ఊ’ అంటోంది. మామ వచ్చాడమ్మా అంటే “అన్నం తిన్న” అంది. మంచం పక్కన స్టీలు గ్లాసులో చెరకు రసం. దాని మీద ఈగ. ఆ ఊరి పెద్దాయన పసరు రెండుసార్లు పోయించారట.

“దవాఖానకు పోదాం. బండి పిలుస్త” అన్నాడు అతను.

పిల్ల అత్త అడ్డం నిలబడింది. చెడ్డమనిషి కాదు. ఏడ్చి ఏడ్చి ఆమె ముఖమూ ఉబ్బింది. “వద్దన్నా. మందు నడుస్తున్నది. నడుమ సూదేస్తె మందు ఇరుగుతది, పాణం మీదికొస్తదన్నరు.”

“ఎవలన్నరు?”

“అందరు.”

పిల్ల మొగుడు ఫోన్ పట్టుకుని ముందుకొచ్చాడు. “మామా, ఎందుకు బుగులు పడుతున్నవ్? నువ్వు రాసిందే జేస్తున్నం గదా. పొద్దుమాపు చెరుకు రసం వోస్తున్నం.”

అతను ఫోన్ తీసుకుని చదివాడు.

“గిది నేను రాయలే.”

“ఫోటో నీదే గదా?”

“ఫోటో నాదే.”

“పేరు?”

“పేరు నాదే.”

“మరి?”

“సగం గోసిండ్రు బిడ్డా. రెండో సగం గోసిండ్రు. దవాఖానకు పొమ్మన్న సగం.”

ఆ కుర్రాడు ఫోన్ వైపు చూశాడు, మామ వైపు చూశాడు. ఫోన్‌నే నమ్మాడు. “గింతమంది మంచిగైనమని కింద రాసిండ్రు మామా. వాళ్ళంత అబద్ధమాడుతరా?”

నేను కలగజేసుకున్నాను. చాలామందికి దానంతట అదే తగ్గే జబ్బును ఎవడు తగ్గించానన్నా చెల్లుతుంది, కడుపుతో ఉన్నవాళ్ళకు అది వేరే జబ్బులాంటిది, కాలేయం పాడైతే మనిషి మత్తులోకి పోతుంది, ఇప్పుడు ఈ పిల్లకు జరుగుతున్నది అదే అని వరస తప్పకుండా చెప్పాను. ఒక్క లోపం లేని వాదన. పిల్ల అత్త రెండు చేతులూ జోడించింది.

“సారూ, ఇది మీటింగ్ గాదు. ఇల్లు.”

అతను చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచాడు. ఎక్కడికని అడుగుతూ వెంటపడ్డాను. అతను ఆగింది ఆ పసరు పెద్దాయన వాకిట్లో.

రేకుల పందిరి, ప్లాస్టిక్ కుర్చీలు. కళ్ళద్దాలు దారంతో చెవులకు కట్టుకున్న ముసలాయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కొడుకు ల్యాప్‌టాప్ ముందు ఉన్నాడు. అతన్ని చూసి లేచాడు. “రండ్రి సార్, రండ్రి! మా పత్రికకు ఒక్క వ్యాసం ఇయ్యుమని ఎన్ని మెయిల్‌లు వెట్టిన. జవాబే ఇయ్యరు మీరు.”

అతను కొడుకు వైపు చూడలేదు. ఏ మనిషి ఆటను వేదికలెక్కి బయటపెట్టాడో ఆ మనిషి ముందు చేతులు జోడించాడు.

“అయ్యా, మా పిల్ల సచ్చిపోయేటట్టున్నది. దవాఖానకు తీస్కపొమ్మని ఒక్క మాట చెప్పు. నా మాట ఇంటలేరు. నీ మాట ఇంటరు.”

నా ఒళ్ళు మండిపోయింది. భుజం పట్టి లాగాను. కదల్లేదు. ముసలాయన అద్దాలు సర్దుకున్నాడు. “కడుపుతోని ఉన్నోళ్ళకు నేను మందియ్య బిడ్డా. కడుపుతోనని నాకు చెప్పకుంట మందు తీస్కపోయిండ్రు” అన్నాడు. నిజమో అబద్ధమో నాకు తెలియదు.

“బాపూ, నువ్వు జర ఆగు” అన్నాడు కొడుకు. “సార్, ఇయ్యాల మేం పంపుతం. రేపు మీరే మీటింగుల, వాళ్ళ మందు పని జెయ్యలే, మా పిల్లను దవాఖానకు తోలిండ్రు అని చెప్తరు. మా ఇజ్జత్ ఏం గావాలె? మీరొక వ్యాసం రాయుండ్రి మా దానికి. మీ పేరు, మీ ఫోటో. ఇప్పుడే ఫోన్ జేపిస్త.”

“ఇది బేరమా? అక్కడ మనిషి చస్తుంటే?” అని అరిచాను.

“రాస్త” అన్నాడు అతను.

ముసలాయన ఫోన్‌లో చెప్పింది ఇంతే: “పిల్లను దవాఖానకు తీస్కపోన్రి. మందు ఇరగది. నేను జెప్తున్న.” మేం వెనక్కి వెళ్ళేసరికి వాకిట్లో బండి నిలబడి ఉంది. అత్త చద్దరు మడత పెడుతోంది. మొగుడు పిల్లను ఎత్తుకుని వస్తున్నాడు. మేం ఎంత మొత్తుకున్నా కదలని ఇల్లు ఆ నాలుగు మాటలకు కదిలింది. ఆ దృశ్యం చూసి నేను పడిన సిగ్గు ఏ ఓడిపోయిన చర్చలోనూ పడలేదు.

నిజామాబాద్ పెద్ద దవాఖానలో బిడ్డ దక్కలేదు. పిల్ల దక్కింది.

రాయొద్దని మా బృందమంతా ఒక్కటైంది. నేనే గట్టిగా మాట్లాడాను. మెడ మీద కత్తి పెట్టి తీసుకున్న మాట మాట కాదు, తప్పినా పాపం లేదు అన్నాను. పాపం అనే మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో! అతను నవ్వలేదు. నా బొటనవేలు పట్టుకున్నాడు.

“మాట తప్పుత అనుకో అన్నా. రేపు ఇంకెవరి పిల్లనో ఆడ మంచంల ఉంటది. వాళ్ళ మామ ఎవడో పోయి దండం వెడతడు. అప్పుడు వాడు ఫోన్ జేస్తడా?”

రాశాడు. కానీ ఎలా రాశాడో చూడాలి. రెండేళ్ళు పరాయి సంపాదకుల కత్తెరల కింద నలిగినవాడు కదా! ముందు ఒక పేరా రాసి, మధ్యలోంచి ఒక్కో వాక్యం తీసేస్తూ, మిగిలింది ఏం చెబుతోందో చూసుకుని, కొట్టేసి, మళ్ళీ రాశాడు. చివరికి మిషన్ మూత మీద ల్యాప్‌టాప్ పెట్టి నాకు పైకి చదివి వినిపించాడు. మా పిల్లకు పసిరికలు వస్తే ఈ పెద్దాయన దవాఖానకు పంపారు. దవాఖానకు పోతే మందు విరగదని ఆయనే చెప్పారు. మా పిల్ల దవాఖానలో బతికింది. మీరు కూడా ఆయన దగ్గరికి వచ్చేముందు దవాఖానలో రక్తం చూపించుకోండి. అలా చివరి దాకా, దవాఖాన లేని వాక్యం ఒక్కటి లేదు.

“యాడ గోసినా దవాఖాన మిగుల్తది అన్నా!” అన్నాడు. పిల్ల జబ్బు పడ్డాక అతను నవ్వడం అదే మొదటిసారి. నాకూ నవ్వొచ్చింది. గెలిచాం అనుకున్నాం, ఇద్దరు మూర్ఖులం.

వాళ్ళు ఒక్క వాక్యం కూడా కోయలేదు. ఒక్క వాక్యం కూడా వేయలేదు. ఆ వారం పసరువాళ్ళ పత్రిక నిండా ఒకటే ఫోటో. ముసలాయన ముందు ఇతను చేతులు జోడించి నిలబడ్డ ఫోటో. ఆ మధ్యాహ్నం నేను భుజం పట్టి లాగుతున్నప్పుడు కొడుకు ఎప్పుడు తీశాడో తీశాడు. నన్ను అంచులోంచి కత్తిరించేశాడు, భుజం మీద నా వేళ్ళు మాత్రం మిగిలాయి. ఫోటో కింద ఇతని పేరు, ఏయే పత్రికలకు రాస్తాడో ఆ పరిచయం. అంతే. అతను రెండేళ్ళలో ఒక్కో పత్రికా తిరిగి కూడబెట్టుకున్నదంతా అక్కడ ఉంది. అతని మాట ఒక్కటే లేదు. అదే ఫోటోను ఫ్లెక్సీగా కొట్టించి ఊరి మలుపులో, పందిరికి పోయే దారి మొదట్లో కట్టారు.

దాన్ని చింపుదాం పద అన్నాను. అతను ఒక్కడే వెళ్ళాడు, ఆదివారం, పసరు పోసే రోజు. ఫ్లెక్సీ కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వచ్చేవాళ్ళను ఆపి, బొటనవేలు పట్టుకుని, పైకి చూపించేవాడు. “గా ఫోటోల ఉన్నది నేనే. చూడుండ్రి, మంచిగ చూడుండ్రి. నేను చెప్తున్న, ముందు దవాఖానల రక్తం చూపియ్యుండ్రి.” వాళ్ళు ఫోటో చూసేవారు, మనిషిని చూసేవారు. కొందరు నవ్వి ముందుకు పోయేవారు. కొందరు ఆటో ఎక్కి బోధన్ దవాఖానకు వెళ్ళిపోయేవారు. కొడుకు వచ్చి కుర్చీ లాగేశాడు. అతను నేల మీద కూర్చున్నాడు. మనుషులతో లేపించబోతే లోపలి నుంచి ముసలాయన “కూసోనీరా” అన్నాడట. ఎందుకన్నాడో నేను ఊహించను. ఊహలతో వాదించడం నాకు చేతకాదు.

ప్రతి ఆదివారం అక్కడ కూర్చున్న ఆ కాలంలో అతను ఎవరికీ ఒక్క అక్షరం రాయలేదు. పత్రికల వాళ్ళు అడుగుతూనే ఉన్నారు. చెరకు రసం వ్యాసం తీసేయమని తాను మాత్రం అడుగుతూనే ఉన్నాడు. “నా పేరుతోని ఏం రాసినా నమ్ముతరన్నా. గదే భయమైతుంది ఇప్పుడు” అన్నాడు ఒకసారి.

చలికాలంలో ఒక పొద్దున దుకాణంలోనే కూలిపోయాడు. గుండె. పెద్దాయన శాపం తగిలిందని ఊళ్ళో అన్నారు. రాసిపెట్టుకోండి: అతని తండ్రి అదే జబ్బుతో పోయాడు, మందులు వాడమని చెప్పినా ఇతను వాడలేదు. శాపం లేదు, శాపాలు ఉండవు. ఒక మనిషి అలసిపోయాడు.

తర్వాతి ఆదివారం నేను ఆ మలుపుకు వెళ్ళాను. ఫ్లెక్సీ ఒక మూల ఊడి గాలికి కొట్టుకుంటోంది. దాని కింద నిలబడ్డాను. మొగుణ్ణి నడిపించుకుంటూ ఒకామె వచ్చింది. అతని కళ్ళు ఆ పిల్ల కళ్ళలాగే ఉన్నాయి, అడుగులు తూలుతున్నాయి. నాకు తెలిసిందంతా ఆమెకు చెప్పాను, మామిడి చెక్క నుంచి కాలేయం దాకా. ఓపికగా విన్నది. తర్వాత తలెత్తి ఫోటో చూసింది, నన్ను చూసింది.

“గా సార్ రాలేదా ఇయ్యాల? ఆయన చెప్తె ఇనుమని మా ఊరోళ్ళు చెప్పిండ్రు.”

ఎవరు చెప్పారని చూడొద్దమ్మా, ఏం చెప్పారో చూడు అన్న మాట నా నాలుక చివరే ఉంది. జీవితమంతా చెప్పిన మాట. ఆమె మొగుడు వచ్చి నా భుజం మీదికి ఒరిగాడు. ఒళ్ళు కాలిపోతోంది.

“ఆయనే పంపిండమ్మా నన్ను” అన్నాను. “దవాఖానకు తీస్కపొమ్మన్నడు.”

ఆమె కొంగు సర్దుకుని ఆటోకు చెయ్యెత్తింది. ఆ ఇద్దరూ వెళ్ళాక వెనక్కి తిరిగి చూశాను. పసరు కోసం వచ్చినవాళ్ళ వరస కాలువ కట్ట దాకా ఉంది.